మూడు వేల నాలుగొందల యాభై చుట్లు

మా అబ్బాయి ఫాల్సమ్‌లో ఇల్లు కొన్నాడు. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోకు తూర్పున, కొండలు మొదలయ్యే చోట ఉంటుందా ఊరు. ఇంటి వెనక ముప్పై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పుతో స్విమ్మింగ్ పూల్. కొనకముందు ఫొటోలు పంపితే మా ఆవిడ ఆ నీలం నీళ్లు చూసి మురిసిపోయింది. నేను ఫొటో మూలన గోడవార కనపడే మోటారును చూశాను. ముప్పై మూడేళ్లు కరెంటాఫీసులో పనిచేసినవాడి కంటికి ముందు అదే ఆనుతుంది.

అక్కడికి వెళ్లిన మొదటి పొద్దునే కాఫీ గ్లాసు పట్టుకుని పోయి నేమ్ ప్లేటు చదివాను. ఒకటిన్నర హార్స్ పవర్, 230 వోల్టులు, 60 సైకిళ్లు, నిమిషానికి 3450 చుట్లు. పక్కనే టైమరు, రోజుకు ఎనిమిది గంటలకు పెట్టి ఉంది. రిటైరైనా క్లాంప్ మీటరు నా సూట్‌కేసులోనే ఉంటుంది. పెట్టి చూస్తే లెక్క 1.9 కిలోవాట్ల దగ్గర తేలింది. అంటే రోజుకు పదిహేను యూనిట్లు. ధర్మవరంలో మా ఇంటికి నాలుగైదు రోజులకయ్యే కరెంటు.

"అది అట్లే తిరుగుతా ఉంటుంది నాన్నా, దాని జోలికి పోవద్దు" అన్నాడు మావాడు.

పోకుండా ఉండలేకపోయాను. ఆరు నెలలు ఉండాల్సిన చోట చేసే పనేముంది? మనవణ్ని బడికి పంపాక లైబ్రరీకి పోయేవాణ్ని. ఈ మోటారు ఇంత వేగంగా ఎందుకు తిరుగుతోందన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఆ రాష్ట్రంలో పెరటి పూల్ కరెంటు చరిత్రంతా తవ్వుకున్నాను.

మొదటి జవాబు ఫాల్సమ్‌లోనే దొరికింది. ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో, అమెరికన్ నది ఒడ్డున, ఒక పాత ఇటుకల కట్టడం ఉంది. 1895 జులై 13న అక్కడ పుట్టిన కరెంటు 22 మైళ్ల దూరంలోని శాక్రమెంటోకు చేరింది. నది మీద జైలు ఖైదీల చేత కట్టించిన ఆనకట్ట నీళ్లతో నాలుగు జనరేటర్లు తిరిగేవి. ఆ సెప్టెంబరులో నగరంలో పెద్ద దీపాల పండగ చేశారు. అంత దూరం కరెంటు పంపడం ఆ రోజుల్లో వింతే. ఆ కేంద్రం 1952 దాకా నడిచి ఆగిపోయింది. ఇప్పుడు చూడ్డానికి జనం వస్తారు. నన్ను అక్కడ నిలబెట్టేసినవి రెండు అంకెలు. లైను మీద వోల్టేజి 11,000. ధర్మవరం చుట్టుపక్కల పల్లెలకు నేను లాగించిన ఫీడర్లన్నీ సరిగ్గా 11 కేవీవే. రెండోది, సెకనుకు 60 సైకిళ్లు.

మా అబ్బాయి మోటారు వేగాన్ని నిర్ణయించింది ఈ రెండో అంకె. మామూలు ఇండక్షన్ మోటారుకు సొంత ఇష్టమంటూ ఏమీ ఉండదు. 60 సైకిళ్ల కరెంటిస్తే రెండు పోళ్ల మోటారు 3600 చుట్లకు కాస్త తక్కువగా తిరుగుతుంది. మన దేశంలో 50 సైకిళ్లు కాబట్టి అదే మోటారు 2880 దగ్గర నిలుస్తుంది. మధ్యేమార్గం లేదు, ఆన్ చేస్తే పూర్తి వేగం, లేదంటే ఆఫ్. పూల్‌లో దుమ్ము కొంచెమే ఉన్నా, అందులోకి నెల రోజులుగా ఎవరూ దిగకపోయినా దానికి ఒకటే పరుగు.

ఆ పరుగు ఖరీదు ఏమిటో పంపుల పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వేగం సగానికి తగ్గిస్తే నీళ్లు సగం వస్తాయి. కానీ పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది, పట్టే కరెంటు ఎనిమిదో వంతుకు దిగుతుంది. సగం వేగంతో రెండింతల సేపు తిప్పితే అవే నీళ్లు వడపోతకు వెళతాయి, యూనిట్లు మాత్రం లెక్క ప్రకారం నాలుగో వంతే. మా జేజినాయనకు ఈ సూత్రం తెలియదు కానీ కపిల తోలేటప్పుడు ఎద్దుల్ని ఎప్పుడూ పరిగెత్తించలేదు. వాలు మీద అవి తమ నడక తాము నడుస్తుంటే బాన నిండుగా పైకొచ్చేది. ఎద్దుకు మేత పెట్టేవాడూ, కపిల తోలేవాడూ ఒకడే కాబట్టి ఆ నడక కుదిరింది. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

పూల్ అనేది మొదట్లో కోటీశ్వరుల సరదా. శాన్ సిమియోన్ కొండ మీద పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ కట్టించుకున్న నెప్ట్యూన్ పూల్‌ను మావాళ్లు నాకు చూపించారు. జూలియా మోర్గాన్ అనే ఆర్కిటెక్టు 1924 నుంచి 1936 దాకా కట్టి, చాలదని పెంచి, మళ్లీ కట్టి తయారుచేసింది. 3,45,000 గ్యాలన్లు, మన లెక్కలో పదమూడు లక్షల లీటర్లు. కొండ ఊటల నుంచి నీళ్లు వాలులోనే దిగివచ్చేవి. అంతవరకు నాకు ముచ్చటేసింది. ఆ నీళ్లన్నీ వెచ్చబడ్డానికి చమురు మండించేవారని చెప్పగానే ముచ్చట తీరిపోయింది. ఆకాశం కింద తెరిచి పెట్టిన పదమూడు లక్షల లీటర్లు!

ఈ సరదా మధ్యతరగతి పెరట్లోకి రావడానికి ఒక విచిత్రమైన మనిషి కారణం. కార్ల్ ఏక్‌లీ అని, చికాగో మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మాలకు లోపల రూపం పోసి నిలబెట్టే పని చేసేవాడు. మ్యూజియం గోడల పెచ్చులు పూడ్చడానికి సిమెంటును గొట్టంతో చిమ్మే యంత్రం చేసి, 1911లో పేటెంటు తీసుకున్నాడు. దానికే తర్వాత గనైట్ అనే పేరొచ్చింది. చెక్క పలకల అచ్చులు అక్కర్లేకుండా, గుంట తవ్వి, ఇనుప జల్లెడ అల్లి, సిమెంటు చిమ్మితే ఏ వంపు కావాలంటే ఆ వంపు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి సైనికులు ఇళ్లు కట్టుకునే కాలానికి పూల్ కట్టడం చౌక పడింది. 1948లో థామస్ చర్చ్ అనే తోటల రూపకర్త సొనోమా దగ్గర డానెల్ కుటుంబానికి మూత్రపిండం ఆకారంలో కట్టిన పూల్ ఫొటోలు పత్రికల్లో వచ్చాక, అలాంటిదే కావాలని వీధి వీధినా అడిగారు. వడపోత కూడా యుద్ధం తెచ్చిందే. సైనికులు తాగే నీళ్లలో అమీబాను ఆపడానికి అమెరికా సైన్యం డయాటమ్ మట్టితో చేసిన ఫిల్టరు, పూల్ వాళ్ల చేతికి వచ్చింది.

మిగిలింది మోటారు. ఇక్కడే నేను లైబ్రరీలో కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

పూల్ కట్టే కాంట్రాక్టరుకు మొత్తంగా ఇంత అని డబ్బు ముడుతుంది. కరెంటు బిల్లు ఇంటాయనది. మేత పెట్టేవాడొకడు, తోలేవాడొకడు. చిన్న మోటారు పెడితే, ఎక్కడో ఒక ఆకు తేలిందని ఇంటాయన ఫోన్ చేస్తాడు. పెద్దది పెడితే చేయడు. పెద్దదానికీ చిన్నదానికీ ధరలో తేడా కొద్దిగానే. పైగా పైపులు సన్నవి వేస్తే ఖర్చు కలిసొస్తుంది. సన్న పైపులో నీళ్లు తోయాలంటే ఇంకా పెద్ద మోటారు కావాలి. అలా యాభై ఏళ్లు, ఇంటింటా, అవసరానికి రెండింతలున్న మోటార్లు అర అంగుళం తక్కువున్న పైపులతో కుస్తీ పట్టాయి.

ఇంకో చమత్కారం ఉంది. అక్కడ పూల్ మోటార్ల మీద రాసే హార్స్ పవర్‌కు సర్వీస్ ఫ్యాక్టర్ అని ఇంకొక గుణకం ఉంటుంది. రెండూ గుణిస్తేనే అసలు శక్తి. ఆ గుణకాన్ని అటూ ఇటూ జరిపి ఒకే మోటారును ఒకచోట ఒకటి అనీ, ఇంకోచోట ఒకటిన్నర అనీ అమ్మేవాళ్లు. ఒకటిన్నర అంటే కొనేవాడికి సంతోషం కదా. చదువుతూ ఒక్కణ్నే నవ్వుకున్నాను. మా దగ్గర తిరకాసు దీనికి సరిగ్గా తలకిందులు. 1983లో రామారావుగారి ప్రభుత్వం వ్యవసాయానికి మీటర్లు లేకుండా హార్స్ పవర్‌కు ఏడాదికి యాభై రూపాయల లెక్క పెట్టినప్పుడు, అయిదు హార్స్ పవర్ లాగే మోటార్ల మీద మూడు అని రాసి ఉండేది. నేమ్ ప్లేటు మీద సుత్తితో అంకెలు కొట్టేవాడు ధర్మవరం బస్టాండు పక్కనే కూర్చునేవాడు. అక్కడ గొప్ప కోసం పెంచారు, ఇక్కడ బిల్లు కోసం తగ్గించారు. తీగ వేడెక్కడం రెండు చోట్లా ఒకటే.

నా పాపం కూడా చెప్పుకోవాలి. 1980లలో ఫుట్‌వాల్వులు మార్పించే పథకం వచ్చింది. బావి అడుగున నీళ్లు లోపలికి పోయే ఆ వాల్వు ఇరుకుగా ఉంటే మోటారు శక్తిలో కొంత ఊపిరి పీల్చుకోడానికే పోతుంది. వెడల్పాటిది పెట్టి, ఇనుప పైపుల బదులు పీవీసీ వేస్తే అవే నీళ్లకు చిన్న మోటారు చాలు. ఈ ముక్క ఊరూరా రచ్చబండల దగ్గర చెప్పాను. రైతులు విని, "సారూ, కరెంటేమన్నా మాకు దుడ్లా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ నోటితోనే, లో వోల్టేజికి కాలిపోకుండా ఉంటుందని అయిదు బదులు ఏడున్నర పెట్టుకుంటామంటే ఎస్టిమేట్ రాసిచ్చాను. 2004లో రాజశేఖరరెడ్డిగారు ఉచిత కరెంటు ఇచ్చినప్పుడు, కెపాసిటరు, మంచి ఫుట్‌వాల్వు, ఐఎస్ఐ పంపు ఉండాలని షరతులు రాశారు. కెపాసిటర్లు పెట్టించాం. చాలాచోట్ల మరుసటి ఏడాదికి అవి పెట్టెలోంచి మాయమయ్యాయి.

కాలిఫోర్నియాలో కుదుపు 1973లో వచ్చింది. అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. బర్క్‌లీలో ఆర్థర్ రోజెన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉండేవాడు, మహానుభావుడు ఎన్రికో ఫెర్మీ శిష్యుడు. ఆ నవంబరులో ఒక శుక్రవారం రాత్రి, పొద్దున పెట్రోలు బంకు దగ్గర పడాల్సిన పడిగాపులు తలుచుకుంటూ, ఇంటికి పోబోతూ తన అంతస్తులో లైట్లు ఆర్పుదామనుకున్నాడు. ఇరవై గదులు. స్విచ్చులు కనపడవు. బీరువాల వెనక, పుస్తకాల వెనక దాక్కుని ఉన్నాయట. అంటే వాటిని ఆర్పాలని ఎన్నడూ ఎవరికీ తోచలేదన్నమాట. ఆ మనిషి కణ భౌతిక పరిశోధన పక్కనపెట్టి మిగతా జీవితం కరెంటు పొదుపుకే ఇచ్చేశాడు. 1974లో రాష్ట్రం ఎనర్జీ కమిషన్ పెట్టేందుకు చట్టం చేసింది, 2000 నుంచి పదేళ్లు ఆయన అందులో సభ్యుడు. పూల్ మోటార్ల మీద నిబంధనలు వచ్చింది ఆ కాలంలోనే.

అంతకుముందు వేడి గొడవ చూడాలి. గ్యాసు చవగ్గా ఉన్న రోజుల్లో హీటరు పెట్టి ఏప్రిల్‌లోనూ ఈదేవాళ్లు. ఎవరూ ఈదని రోజున కూడా హీటరులో చిన్న దీపం వెలుగుతూనే ఉండేది. గ్యాసు ధర పెరిగాక నీళ్లలోంచి వేడి ఎటు పోతోందని చూశారు. మన కూజాకు తెలిసిన సంగతే: ఆవిరి. పూల్ పోగొట్టుకునే వేడిలో 70 శాతం దాకా ఆవిరి రూపంలోనే పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. మావాడి పూల్‌నే తీసుకోండి. రోజుకు అర సెంటీమీటరు నీళ్లు ఎగిరిపోతే 220 లీటర్లు. అవి తమతో తీసుకుపోయే వేడి దాదాపు 150 యూనిట్లు. ఎండ కొంత తిరిగి ఇస్తుంది, వసంతంలోనూ శరత్తులోనూ అంత ఇవ్వలేదు. దీనికి మందు ఒక ప్లాస్టిక్ దుప్పటి. బుడగలున్న నీలం పట్ట, కత్తిరించి నీళ్ల మీద పరిస్తే చాలు, వేడి ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ఇప్పుడు ఆ రాష్ట్రంలో హీటరున్న ఆరుబయటి పూల్‌కు కప్పు తప్పనిసరి, నిత్యం వెలిగే దీపం నిషేధం. మావాడికీ ఒక పట్ట ఉంది. మడత పెట్టి గరాజులో ఉంది. తీయడం, వేయడం కష్టమట.

ఇంటి కప్పు మీద నల్ల ప్లాస్టిక్ గొట్టాల చాపలు పరిచి, పూల్ నీళ్లను వాటి గుండా పంపి ఎండతో కాచే పద్ధతి కూడా అప్పటిదే. ఫ్రీమన్ ఫోర్డ్ అనే ఆయన 1969లో ఫాఫ్‌కో అనే కంపెనీ పెట్టి వీటిని చేశాడు. అద్దం లేదు, రాగి లేదు, పూల్‌కు కావలసింది గోరువెచ్చదనమే కాబట్టి అవసరమూ లేదు. అమెరికాలో ఎండతో నీళ్లు కాచే పలకల్లో ఎక్కువ భాగం స్నానాల గదులకు కాదు, ఈ ఈత కొలనులకే పోయాయి. 2005లో కేంద్ర ప్రభుత్వం సోలార్‌కు పన్ను రాయితీ ఇచ్చినప్పుడు పూల్ కాచుకునేవాళ్లకు లేదని చట్టంలోనే రాసింది. ఆ వాక్యం రాసినాయన ఎవరో గానీ దండం పెట్టాలి.

మధ్యలో 1976, 77లో కరువు. పూళ్లు ఎండబెట్టారు. నున్నటి గనైట్ వంపుల్లో పిల్లలు చక్రాల పలకలతో గోడలెక్కారు, స్కేట్‌బోర్డు ఆట రూపమే మారిపోయింది. పూల్ అతి తక్కువ కరెంటుతో పనికొచ్చిన కాలం అదేనేమో.

మోటారు దగ్గరికి మళ్లీ వస్తే, ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 120 పూళ్లు పరిశీలించారు. ఇళ్లకు ముప్పావు హార్స్ పవర్ పంపు సాధారణంగా చాలన్నారు. చిన్న పంపు పెట్టి, నడిపే గంటలు తగ్గించినవాళ్లలో కొందరికి పంపు ఖర్చు 75 శాతం దాకా తగ్గింది. నీళ్లు మురిగిపోలేదు. అయినా కాంట్రాక్టర్లు మారలేదు. ఎందుకు మారతారు? చట్టమే మారాల్సి వచ్చింది. కాలిఫోర్నియా 2006 నుంచి నాసిరకం మోటార్లను ఆపింది. 2008 నుంచి ఒక హార్స్ పవర్, అంతకు మించిన వాటికి కనీసం రెండు వేగాలుండాలంది. ఇళ్ల నిర్మాణ నియమాల్లో పైపుల సంగతి కూడా రాశారు. పీల్చే పైపులో నీళ్లు సెకనుకు ఆరడుగులు దాటకూడదు, తోసే పైపులో ఎనిమిది దాటకూడదు, పంపు ముందర పైపు వ్యాసానికి నాలుగింతల పొడవు వంపు లేకుండా తిన్నగా ఉండాలి. ఇది చదువుతుంటే రచ్చబండ మీద నా ఉపన్యాసం నాకే వినపడింది. తేడా ఒకటే, అక్కడ ఇన్‌స్పెక్టరు వచ్చి టేపు పెట్టి కొలుస్తాడు.

మోటారు వేగం చేతికి చిక్కడం వెనక మనవాడొకడున్నాడు. మద్రాసులో పుట్టి, అక్కడి ఐఐటీలో చదివిన జయంత్ బాలిగా 1980ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఐజీబీటీ అనే స్విచ్చును తయారుచేశాడు. లైనులో వచ్చే 60 సైకిళ్లను విరగ్గొట్టి మనకు కావలసినన్ని సైకిళ్లు కట్టుకోవడం దానితో చౌకైంది. 2000ల మధ్యలో పూల్ పంపుల్లోకి శాశ్వత అయస్కాంతాల మోటారూ, వేగం మార్చే డ్రైవూ కలిసి వచ్చాయి. 2021 జులై 19 నుంచి అమెరికా అంతటికీ కొత్త నియమం. ఒంటి వేగం పెద్ద పంపుల తయారీ దాదాపు ఆగిపోయింది. 1895లో ఫాల్సమ్‌లోని ఆ ఇటుకల ఇంట్లో తిరిగిన అరవై సైకిళ్ల నుంచి పెరటి మోటారుకు విడుదల దొరికింది నూటపాతికేళ్లకు.

మావాడి మోటారు 2022 వేసవిలో బేరింగు పోయి గీపెట్టింది. పాతరకం దొరకలేదు, వేగం మారేది పెట్టించాం. పెట్టినతను, పేరెందుకు, మంచి పనిమంతుడే. బోల్టులన్నీ చక్కగా బిగించాడు. రెండు నెలలు గడిచినా బిల్లు పెద్దగా దిగలేదు. మూత తెరిచి చూస్తే 3450 చుట్ల మీద, ఎనిమిది గంటలకు పెట్టి ఉంది. ఫోన్ చేస్తే, "అలా పెడితే ఎవరూ తిరిగి ఫోన్ చేయరు" అన్నాడట. మా అబ్బాయి స్పీకరులో పెట్టాడు. యాభై ఏళ్ల కాంట్రాక్టరు గొంతు నేరుగా విన్నాను.

1725కు దించాను. మీటరు 300 వాట్ల దగ్గర ఆగింది. లెక్క ప్రకారం ఇంకా తగ్గాలి గానీ డ్రైవూ మోటారూ కొంత తింటాయి. పదహారు గంటలు నడిచినా అయిదు యూనిట్లు దాటదు. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఆపేశాను. శాక్రమెంటో కరెంటు సంస్థ రేటు పనిరోజుల్లో ఆ మూడు గంటలే ఎక్కువ. రాష్ట్రంలో చాలా భాగం గ్రిడ్డును నడిపే కార్యాలయం కూడా ఫాల్సమ్‌లోనే ఉంది. ఎండ దిగేవేళ సోలార్ కరెంటు పడిపోయి వాడకం నిట్టనిలువుగా లేస్తుందని వాళ్లు 2013లో గీసిన గీత బాతులా ఉంటుంది, దాని మెడ ఈ వేళప్పుడే. చప్పుడు ఎంత తగ్గిందంటే, మోటారు ఆగిపోయిందనుకుని మా ఆవిడ రెండుసార్లు బయటికి వచ్చి చూసింది.

మొన్న మా తమ్ముడు ధర్మవరం నుంచి ఫోన్ చేశాడు. బోరులో మోటారు కాలిందని బాధ చెప్పుకుని, నేనేం చేస్తున్నానని అడిగాడు. పంపు సంగతి చెప్పాను.

"ఎన్ని హార్స్ పవర్నా?"

"ఒకటిన్నర. నిదానంగా తిప్పుతున్నాలే."

"ఏం పెట్టినారు దాని కింద? టమోటానా?"

"పంటేం లేదురా. ఈదుతారు."

"ఎంతమంది?"

కాసేపు లెక్కపెట్టాల్సి వచ్చింది. పోయిన వారం మనవడొక్కడే. రెండుసార్లు దిగాడు, రెండోసారి కాలికి చీమ కుట్టిందని వెంటనే లేచి వచ్చేశాడు.